కూకట్‌పల్లి పాత ఫ్లాటు: అన్నయ్య 40 లక్షలంటున్నాడు, ప్రకటనల్లో 62. ఏది ధర?

చిన్నచెల్లి
నాన్నగారు సొంత సంపాదనతో కొన్న ఫ్లాటు. 20 అడుగుల రోడ్డు మీద, 22 ఏళ్ల కిందటి ఐదంతస్తుల కట్టడం. మూడో అంతస్తు, రెండు పడకగదులు. దస్తావేజులో 950 చదరపు అడుగుల ప్లింత్ ఏరియా, ఉమ్మడి నేలలో 28 గజాల అవిభాజ్య (విడగొట్టని) వాటా. వీలునామా లేదు. ఫ్లాటు తను ఉంచుకుని నా వాటా డబ్బు ఇచ్చేస్తానంటున్నాడు అన్నయ్య. తన లెక్క 40 లక్షలు. అదే వీధిలో అమ్మకానికి పెట్టినవాళ్లు చదరపు అడుగుకు 6,500 అడుగుతున్నారు, అంటే దాదాపు 62. అద్దె 17,000 వస్తోంది, మెయింటెనెన్స్ అద్దెకున్నవాళ్లదే. ఈ 22 లక్షల తేడా ఎక్కడిది?

గజంబద్ద
బ్యాంకులకు విలువ కట్టే పని చేసినవాణ్ణి కనుక మీ అన్నగారి లెక్క ఊహించగలను. గజం లక్ష అనుకుంటే నేలకు 28 లక్షలు. కట్టడానికి అడుగుకు 2,000 చొప్పున 19 లక్షలు. 60 ఏళ్ల ఆయుష్షులో 22 పోయాయి కాబట్టి మిగిలింది 12. మొత్తం 40. ఇందులో మోసం లేదు. ఏ ఫ్లాటులోనైనా పెరిగేది నేల, అరిగేది గోడ.

బేరం కుదిర్చేవాడు
లెక్క బాగుంది సార్. ఆ వీధిలో 40కి ఇంకో ఫ్లాటు ఉంటే చెప్పండి, సాయంత్రానికి అమ్మిపెడతాను.

ఆ 28 గజాలు విడిగా అమ్ముకునేవి కావు. అందరు యజమానులూ సంతకం పెట్టి పడగొట్టి కడితేనే ఆ నేలకు డబ్బు వస్తుంది. ఎన్ని అంతస్తులకు అనుమతి అన్నది రోడ్డు వెడల్పును బట్టి ఉంటుంది. 20 అడుగుల రోడ్డుకు ఏ బిల్డరు ఉత్సాహంగా వస్తాడు?

అలాగని 62 కూడా ధర కాదమ్మా, అది అమ్మేవాళ్ల ఆశ. ఆ ప్రకటన నెలల తరబడి అలాగే ఉందంటే ఆ ధరకు ఎవరూ రాలేదనే అర్థం. ఇలాంటి ఫ్లాటు ధర తేలేది కొనేవాడి జేబులో. 55కి బేరం కుదిరిందనుకోండి. బ్యాంకు మనిషి వచ్చి 50 అని రాస్తాడు. ఆ స్థాయి ఇంటికి రుణం 80 శాతం దాటదు, అంటే 40 లక్షలు. మిగిలిన 15 చేతి నుంచి పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ 7.5 శాతం, అది ఇంకో నాలుగు లక్షల పైన. చిన్న ఉద్యోగి 19 లక్షలు కూడబెట్టగలిగితేనే మీ ఫ్లాటు 55కి పోతుంది. నా అంచనా 53, 55 మధ్య.

అద్దెకున్నవాణ్ణి
ఆ 40 లక్షల రుణానికి 20 ఏళ్లు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ అంటే నెలకు సుమారు 34,700 కట్టాలి. అదే ఇంట్లో నేను 17,000 ఇచ్చి హాయిగా ఉంటాను. ఇంటిపన్ను, రంగులు, ఒక నెల ఖాళీ తీసేస్తే యజమానికి ఏడాదికి 1,75,000 మిగులుతుంది. 55 మీద అది 3.2 శాతం. ఏడు శాతం రావాలని లెక్క కడితే ఫ్లాటు విలువ 25 లక్షలే. ఇంటి అసలు విలువ అద్దెలోనే తెలుస్తుంది, మిగతాదంతా ఆశ.

బేరం కుదిర్చేవాడు
మీ లెక్కన హైదరాబాద్‌లో ఒక్క ఇల్లూ అమ్ముడుపోకూడదు. పదేళ్ల తర్వాత ఆ అద్దె ఎంతవుతుందో కూడా కట్టండి. కిస్తీ మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది.

అద్దెకున్నవాణ్ణి
పెరుగుతుంది, నీళ్లుంటే. నేను ఇల్లు చూడటానికి వెళ్తే యజమాని కంటే ముందు వాచ్‌మన్‌తో మాట్లాడతాను. ఏప్రిల్‌లో రోజుకు ఎన్ని ట్యాంకర్లు, మంజీరా కుళాయి నీళ్లు ఎన్నాళ్లకోసారి, బోరు ఎండిందా, లిఫ్టు ఆగితే ఎవరు బాగు చేయిస్తారు? తర్వాత పైకెళ్లి వంటింటి కుళాయి విప్పుతాను. అడుగున తెల్లటి పొర కట్టిన బకెట్టు కనిపిస్తే వెయ్యి తగ్గించమంటాను. మీ గజాల వాటా ఎంతో అద్దెకొచ్చే ఎవడూ అడగడు.

గజంబద్ద
అందుకే అద్దెను బట్టి అమ్మకం ధర తేల్చలేం. అద్దెకొచ్చేవాడికి ఈ వేసవి సంగతి చాలు, కొనేవాడికి కాగితాలూ నేలా కూడా కావాలి.

చెల్లెమ్మా, రెండు పనులు చేయండి. ఒకటి, టేపు పట్టి లోపల కొలవండి. 950లో కామన్ ఏరియా పోతే 700 అడుగులు ఉండవచ్చు. ప్రకటనలో పక్క ఫ్లాటును కారు పార్కింగుతో కలిపి 1,050 అని రాసుకుంటే ఆ 6,500ను మీ 950తో గుణించడం అర్థం లేని పని. రెండోది, మీ దస్తావేజులో మొత్తం స్థలం ఎంతో చూడండి. అంతస్తుకు మూడు చొప్పున 15 ఫ్లాట్లకూ 28 గజాలే అయితే 420 కావాలి. స్థలం 400 మాత్రమే ఉంటే మీ 28 కాగితం మీదే. డాబా మీద ఎవరైనా గదులు వేసుకున్నారా? దానికి అనుమతి లేకపోతే బ్యాంకు మనిషి అది కూడా రాస్తాడు.

ప్లీడరు గుమాస్తా
ఆ వీధిలో ఈమధ్య రిజిస్టరైన ఫ్లాట్ల ఈసీలు (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ధ్రువపత్రాలు) తీయండి, రాసుకున్న మొత్తం కనిపిస్తుంది. అయితే కాగితం మీద రాసేదొకటి, చేతులు మారేదొకటి కావచ్చు. దాన్ని కనీస ధరగా మాత్రమే చూడండి.

ఒడ్డున ఉన్నవాణ్ణి
ఇంత గొడవ ఎందుకు? ఒకరు ధర చెప్పాలి, ఆ ధరకు కొనాలో అమ్మాలో రెండోవారు తేల్చాలి. అన్నగారినే చెప్పమనండి. 40 అంటే మీరే కొనేయండి.

చిన్నచెల్లి
కొనడానికి నా దగ్గర డబ్బెక్కడిది? అది అన్నయ్యకూ తెలుసు. అందుకే 40 అని ధైర్యంగా అనగలుగుతున్నాడు.

బేరం కుదిర్చేవాడు
అయితే బయటి కొనుగోలుదారును తీసుకొస్తాను. అతను ఇస్తానన్న ధర మీ అన్నగారూ ఇవ్వాలి.

ప్లీడరు గుమాస్తా
ఇంతసేపూ ఎవరూ అడగలేదు. అమ్మగారు ఉన్నారా?

చిన్నచెల్లి
ఉన్నారు. అన్నయ్య దగ్గరే ఉంటారు. అద్దె అమ్మ ఖాతాలోనే పడుతోంది.

ప్లీడరు గుమాస్తా
అయితే వాటాలు మూడు. వీలునామా లేని స్వార్జితంలో, హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకు, కూతురు సమానమే. 55 అనుకుంటే తలా 18 లక్షల చిల్లర.

గజంబద్ద
అద్దె ఇకపైనా అమ్మగారికే వెళ్తే మీ అన్నగారు కొనేది రాబడి లేని ఫ్లాటు. దానికి 55 ఇవ్వమంటే ఆయన అభ్యంతరంలో న్యాయం ఉంది.

అద్దెకున్నవాణ్ణి
అంటే అద్దెకు విలువ ఉందని ఒప్పుకున్నట్టేనా సార్?

ప్లీడరు గుమాస్తా
మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి. చెల్లెమ్మా, అమ్మగారు తన వాటా వదులుకుంటూ సంతకం పెట్టేటట్టయితే, ఆ 17,000 ఆమెకు ఎన్నాళ్లు, ఎవరు, ఎలా ఇస్తారో అదే దస్తావేజులో రాయించండి. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసిన నెలల్లో ఎవరు ఇస్తారో కూడా.