గతంలోకి వెళ్లిపడే నవలలు: తయారీ లెక్క సరిగ్గా చూపినవి ఏవి?

ఒక మనిషో, ఊరు ఊరంతానో ఉన్నపళంగా గతంలోకి వెళ్లిపడి చరిత్ర దారి మారే నవలలు చదివినవాళ్ల అభిప్రాయం కావాలి.

ఎరిక్ ఫ్లింట్ ‘1632’లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో ఉన్న మన కాలపు గనుల ఊరు 1631 నాటి జర్మనీలో, ముప్పై ఏళ్ల యుద్ధం మధ్యలో పడుతుంది. విడిభాగాలు అయిపోకముందే పరిజ్ఞానాన్ని పంతొమ్మిదో శతాబ్దం స్థాయికి దించుకోవాలన్న ఆలోచనే అందులో అసలు బలం. లేతు మిషన్ ఉన్నా, బేరింగు అరిగితే కొత్తది ఎక్కడ దొరుకుతుంది?

డి క్యాంప్ ‘లెస్ట్ డార్క్‌నెస్ ఫాల్’ ఇంకా నిక్కచ్చి. ఆరో శతాబ్దపు రోములో కథానాయకుడు బ్రాందీ కాస్తాడు, అచ్చుయంత్రం పెడతాడు, తుపాకిమందు మాత్రం కుదరదు. కుదరకపోవడమే సబబు. సురేకారం 75, బొగ్గు 15, గంధకం 10 పాళ్లని తెలిస్తే చాలదు. సురేకారాన్ని శుద్ధి చేయాలి, తడిపి నూరాలి, గుళికలు చేసి ఆరబెట్టాలి. ఊరికే పొడి కలిపితే మందకొడిగా కాలి పొగే మిగులుతుంది.

స్టిర్లింగ్ రాసిన మూడు నాన్‌టకెట్ నవలల్లో ఆ పేరుగల అమెరికా ద్వీపం కంచుయుగానికి వెళ్తుంది కదా, అక్కడ తిండి, ఉప్పు, విత్తనాల లెక్క ఇలాగే ఉంటుందా, యుద్ధాలే ఎక్కువా? ఆ మూడూ చదవాలా, మొదటిదాంతో ఆగొచ్చా? ‘1632’ వరుసలో చాలామంది రచయితలున్నారు, తర్వాత ఏది పట్టుకోవాలి? ముగింపులు బయటపెట్టకుండా చెప్పండి.