అప్‌డేట్: మా అక్క కొడుక్కి ఉచిత లాయర్ దొరికారు

మా అక్క కొడుకు బైక్ దొంగతనం కేసులో ఇరుక్కున్నాడని, బావకి జీతం వస్తుంది కాబట్టి ప్రభుత్వ లాయర్‌ని ఇవ్వరేమోనని పోయిన నెల అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ పేరుపేరునా థాంక్స్.

ఉచిత న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయమన్న సలహానే పనిచేసింది. కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లమన్నారు. తెల్లకాగితం మీద అర్జీ రాసిచ్చాం. అక్క ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు జిరాక్సులు ముందు పెడితే అక్కడి మేడమ్ వాటిని పక్కకి జరిపి, "బాబు పదో తరగతి మెమో ఉందామ్మా?" అన్నారు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం పిల్లలకి, ఆడవాళ్లకి ఆదాయ పరిమితే లేదు. ఆ ఆదాయ సర్టిఫికెట్ కోసం అక్క రెండు రోజులు తిరిగింది, పాపం. మీరు తిరగకండి.

వయసు విషయం జాగ్రత్తగా చూసుకోండి. పిల్లల లెక్కలోకి రావాలంటే నేరం జరిగిందన్న రోజుకి 18 నిండకూడదు, అదే లెక్క. మావాడికి కేసు మధ్యలో నిండాయి, అయినా పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డులోనే నడుస్తోంది. మెమో లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం చూస్తారు. అవేవీ లేనప్పుడే ఎముకల పరీక్ష.

లాయరుగారికి మేం ఒక్క రూపాయి ఇవ్వలేదు. పోయిన గురువారం బెయిల్ వచ్చింది. ఇంటికి రాగానే అక్క కలిపిన పెరుగన్నం రెండు పళ్లేలు తిని, మాట్లాడకుండా పడుకున్నాడు.