సమస్యాపూరణం: ఊరు విడిచినవాడె తా నూరి నెఱుగు

నిర్వాహకుడు:

మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఇది.

ఊరు విడిచినవాడె తా నూరి నెఱుగు

ఇది తేటగీతి నాలుగో పాదం. పై మూడు పాదాలు మీరు రాయాలి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి మైత్రి కుదరాలి. ప్రాసతో పని లేదు. అరసున్నలు టైపు చేయడం కష్టంగా ఉంటే వదిలేయండి, తప్పుగా చూడను.

చిక్కు ఎక్కడో మీకు తెలుస్తూనే ఉంది. ఊళ్ళో ఉన్నవాడికి కదా ఊరు తెలిసేది! వదిలి వెళ్ళినవాడికే తెలుసునంటే ఎలా?

ఈ పాదం ఎందుకు ఇచ్చానో చెబుతాను. నేను ముప్పై ఒక్క ఏళ్లు భిలాయిలో ఉద్యోగం చేసి, మొన్న సంక్రాంతికి మా ఊరు తిరిగి వచ్చేశాను. మాది గోదావరి కాలువ మీద ఊరు. చిన్నప్పుడు ఆ కాలువలో ఈదాను, గట్టు మీద బడికి నడిచాను, కానీ ఒక్కసారి కూడా దాన్ని ‘చూడలేదు’. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిందని పుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకున్నానే గాని, మా ఇంట్లో ఉడికే అన్నం ఆ నీటిదేనని తోచలేదు. కాటన్ దొర విగ్రహానికి మా నాన్న ఎందుకు దండ వేసేవాడో కూడా అడగలేదు. వచ్చిన మర్నాడు పొద్దున్నే గట్టు మీద నిలబడితే గొంతు పూడుకుపోయింది. ఆ పొద్దు పుట్టిన పాదం ఇది.

సంగమతీరం:

మాస్టారూ, మాది కృష్ణ ఒడ్డున ముంపు ఊరు. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు పోయింది. మా నాన్నకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. నేను పుట్టింది కర్నూల్లో. ఏటా ఎండాకాలం సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు నాన్నను తీసుకెళ్తాను.

నీరు తగ్గగ గుడిమెట్లు నేడు తోచె
వేసవిని దేలె మా తాత వీధియరుగు
కాళ్ళు తడియక నడిచితి గన్ను తడిసె
ఊరు విడిచినవాడె తా నూరి నెఱుగు

నిర్వాహకుడు:

మూడో పాదం చదివి కాసేపు ఊరుకున్నాను. ‘తడియక’, ‘తడిసె’ – ఒకే ధాతువు రెండు చోట్ల, రెండు అర్థాల బరువుతో. నీళ్లు ఉండాల్సిన చోట లేవు, ఉండకూడని చోట ఉన్నాయి. పూరణ ఇంత త్వరగా ఇంత గట్టిగా వస్తుందనుకోలేదు. ఛందస్సులో లోపం లేదు.

ఒక్క ప్రశ్న. మొదటి పాదంలో గుడి, రెండో పాదంలో అరుగు. గుడి అందరిది, అరుగు మీది. ఆ వరుస కావాలనే పెట్టారా?

సంగమతీరం:

కావాలని కాదండీ. నడిచేటప్పుడు కనిపించే వరుసే అది. ముందు గుడి దగ్గర ఆగుతాం, వేపలింగానికి దండం పెట్టుకుంటాం. తర్వాత నాన్న తన పాటికి తాను నడిచి వెళ్ళి ఒక చోట కూర్చుంటాడు. అరుగు అన్నానే గాని ఇప్పుడు అవి నాలుగు బండలు. ఆ బండలు ఎవరివో ఆయనకు తెలుసు.

సూరత్ మగ్గం:

పద్యం చాలా బాగుంది. కాని ఒక అనుమానం. సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించారని చదివినట్టు గుర్తు. మరి నీళ్లలోంచి తేలడం ఏమిటి?

సంగమతీరం:

అవి రెండు వేరు వేరు గుళ్ళండీ. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. నేను చెప్పేది ఏడు నదులు కలిసే చోటని పేరున్న సంగమేశ్వరం, ముచ్చుమర్రి దగ్గరది. అది ఉన్న చోటే ఉంది. నీటిమట్టం తగ్గినప్పుడే కనిపిస్తుంది.

జగిత్యాల దోస్త్:

నమస్తే సార్. నేను దోహాలో కన్‌స్ట్రక్షన్ పనిలో ఉన్నాను. ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వరకు మధ్యాహ్నం ఎండలో బయట పని చేయనివ్వరు. ఆ గంటల్లో రూములో కూర్చొని రాసిన.

ఎండకాలము మా యింటి యెదుట వేప
నీడ విలువెంతొ యిసుకలో నేడు తెలిసె
ఫోను తెరపైన రోజు మా చేను జూతు
ఊరు విడిచినవాడె తా నూరి నెఱుగు

కొత్త కలం:

సార్, నేను నేర్చుకుంటున్నవాడిని, తప్పుగా అనుకోవద్దు. మూడో పాదంలో ‘ఫో’కు ‘చే’కు యతి కుదరలేదు కదా?

నిర్వాహకుడు:

అడగడం మంచిదే. ఇక్కడ యతి అక్షరాలను చూడకండి, వాటి పక్కన ఉన్నవాటిని చూడండి. ‘ఫోను’, ‘చేను’. రెండో అక్షరం రెండు చోట్లా ‘ను’. ముందున్నవి రెండూ గురువులు. దీన్ని ప్రాసయతి అంటారు. తేటగీతిలో, ఆటవెలదిలో యతి బదులు ప్రాసయతి వేసుకోవచ్చు. ఆయన తెలిసి వేశారో, చెవి వేయించిందో గాని, ఫోను పక్కన చేను పడడం వల్ల పాదానికి ప్రాణం వచ్చింది. ఒక చేతిలో ఫోను, అందులో ఎకరంన్నర చేను. ఇంతకంటే చెప్పేదేముంది!

ఒక్క సందేహం. ‘రోజూ’ అనాల్సిన చోట ‘రోజు’ అన్నారు. ‘నిత్యము’ అని వేస్తే గణం కుదురుతుంది గాని ‘మా’ పోతుంది.

జగిత్యాల దోస్త్:

సార్, మా వైపు ‘రోజు చూస్తా’ అనే అంటాం. ‘మా’ పోతే నా చేను కూడా పోతుంది. అట్లనే ఉండనివ్వండి.

నిర్వాహకుడు:

ఉండనివ్వండి. ఆ మాట మీ ఊరిదే అయినప్పుడు దిద్దే హక్కు నాకు లేదు.

మడచెట్టు:

కాకినాడ నుంచి. మా పక్కనున్న కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. గోదావరి ఒండ్రుతో మేట వేసింది, 1839 నవంబరు తుఫాను ఊడ్చేసింది. అక్కడి నుంచి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళ వల్ల బర్మాలో తెలుగువాళ్ళందరికీ ‘కోరంగీలు’ అనే పేరు పడింది.

రేవు పూడెను, పెనుగాలి రేపె కడలి
ఓడ లెక్కిన కూలీల కూరి పేరు
జాతిపేరయి రంగూన సాగుచుండె
ఊరు విడిచినవాడె తా నూరి నెఱుగు

నిర్వాహకుడు:

విషయం అద్భుతం. ఊరు చెదిరిపోయినా సముద్రం అవతల దాని పేరు మిగిలింది! రెండో పాదంలో ‘ఓడ’కు ‘కూరి’తో యతి చూసి కంగారు పడకండి కొత్త కలం గారూ. కూలీలకు + ఊరి. సంధిలో దాగిన ‘ఊ’తో ‘ఓ’కు మైత్రి.

కాని పూరణగా చూస్తే మూడో పాదానికీ నాలుగో పాదానికీ మధ్య వంతెన లేదు. జాతికి ఊరిపేరు రావడం ఒక సంగతి, ఆ మనిషి ఊరిని ఎఱగడం ఇంకో సంగతి. సమస్యాపూరణంలో మనం చూడాల్సిన మొదటి విషయం ఇదే. మూడు పాదాలు ఎంత బాగున్నా నాలుగోది అతికించినట్టు ఉంటే అది పూరణ కాదు. ఇలా మారిస్తే?

ఓడ లెక్కిన కూలీల కూరె పేరు
పేరు రంగూన మోసిరి విడువకుండ

పేరుతో ముగిసి పేరుతో మొదలవుతుంది, ముక్తపదగ్రస్తం కూడా కలిసి వస్తుంది. మోసినవాడికే బరువు తెలుస్తుంది కనుక నాలుగో పాదం దానంతట అదే వచ్చి నిలబడుతుంది.

మడచెట్టు:

తీసుకుంటున్నాను. మా అమ్మమ్మ తండ్రి 1942లో జపాను దాడి తర్వాత రంగూను నుంచి నడిచి వచ్చినవారిలో ఒకరు. ఇక్కడికి వచ్చాక ఆయన్ను ‘బర్మా కాందిశీకుడు’ అన్నారట. అక్కడ కోరంగీ, ఇక్కడ బర్మా. ‘మోసిరి’ అన్న మాట చదివాక ఆయనే గుర్తొచ్చాడు.

సూరత్ మగ్గం:

ఊరును దేశంగా తీసుకొని రాశాను. మేం సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి స్థిరపడినవాళ్ళం. గాంధీగారి రాష్ట్రంలో ఉంటూ ఆయన్ను తలవకుండా ఎలా!

రైలు దింపగా నా రాత్రి రగిలె గుండె
పరుల నేలన గడిపిన వత్సరాలు
భరతభూమిని చూపించె బాపుజీకి
ఊరు విడిచినవాడె తా నూరి నెఱుగు

నిర్వాహకుడు:

1893 జూన్ 7, దక్షిణాఫ్రికాలో గాంధీగారిని రైలు నుంచి దింపేసిన పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్. పేరు చెప్పకుండానే తెలిసేలా రాశారు. ‘రై’కి ‘ర’తో యతి సరిపోయింది, ఐకారానికి అకారంతో మైత్రి ఉంది. ‘బాపూజీ’ని ‘బాపుజీ’గా కుదించడం నాకు నచ్చలేదు. ‘బాపు కపుడు’ అంటే గణం, యతి రెండూ నిలుస్తాయి.

ఊరు అంటే దేశమా అని ఎవరైనా అడగవచ్చు. పరాయి దేశంలో ‘మీ ఊరేది’ అని ఎవరైనా అడిగితే మనం చెప్పే జవాబు దేశం పేరే కదా. నేను ఒప్పుకుంటాను.

అయితే ఒక మాట. ఆయన 1915 జనవరి 9న బొంబాయిలో దిగాక, గోఖలే సలహా మీద ఏడాది పాటు దేశమంతా తిరిగాడు. విడిచి వెళ్ళడం వల్లే అన్నీ తెలిసిపోయి ఉంటే ఆ తిరుగుడు అవసరమే లేదు. నా సమస్య పాదంలో ఉన్న పొల్లు మీ పద్యం వల్ల నాకే కనిపిస్తోంది.

కొత్త కలం:

సార్, ఇది నా మొదటి పద్యం. నేను డల్లాస్‌లో ఎం.ఎస్. చేస్తున్నాను.

అమ్మ చేతి ముద్ద గురుతు రాగ నాకు
తలచుకొన్నను నోరూరి తడియు కనులు
కోట్లు పోసిన కొనలేని కూర్మి గాదె
ఊరు విడిచినవాడె తా నూరి నెఱుగు

నిర్వాహకుడు:

మొదటి పద్యానికి గణాలు తప్పకుండా కూర్చారు, సంతోషం. మొదటి పాదంలో యతి పోయింది. ‘అ’కు ‘రా’ చెల్లదు, ప్రాసయతి కూడా లేదు. అంతకంటే ముఖ్యం మూడో పాదం. కోట్లు పోసినా కొనలేనిది అని ఎవరైనా రాస్తారు. అందులో మీరు లేరు. అమ్మ మీకు పంపినదేమిటి? అది వచ్చిన రోజు ఏం చేశారు?

కొత్త కలం:

ఆవకాయ సార్. మా మేనత్త వస్తుంటే జాడీలో పంపింది. మూతికి పాత చీర గుడ్డ కట్టింది. ఆ ముడి అమ్మ వేసినదని చాలాసేపు విప్పలేకపోయాను.

నిర్వాహకుడు:

నాయనా, పద్యం అదే. మళ్ళీ రాయండి.

కొత్త కలం:

అమ్మ కలిపిన యావకాయన్న మిపుడు
తలచుకొన్నను నోరూరి తడియు కనులు
జాడి ముడి విప్ప నొక రేయి జాము గడచె
ఊరు విడిచినవాడె తా నూరి నెఱుగు

సంగమతీరం:

తమ్ముడూ, మూడో పాదం చదివి మా అమ్మకు ఫోన్ చేశాను.

నల్లరేగడి:

మాస్టారికి నమస్కారం. మాది పల్నాడు. పుట్టింది, మెట్టింది ఒక్క ఊరే. నేను ఊరు దాటి వారం కూడా ఎక్కడా ఉండలేదు. నాలుగు గేదెలు, మూడెకరాల మిర్చి. వారం నుంచి అందరివీ చదువుతున్నాను. పద్యాలు బాగున్నాయి. కానీ మీరిచ్చిన పాదం నాకు మింగుడు పడలేదు. అందుకే ఇలా రాశాను.

పాలు పితికెడు తల్లికి, పైరు గాచు
తండ్రికిని తెలియని దేమి తనకు తెలియు?
ఎట్టు లందువు పండిత! యీ విధాన
ఊరు విడిచినవాడె తా నూరి నెఱుగు

మిమ్మల్ని ఏకవచనంతో అన్నందుకు క్షమించండి.

నిర్వాహకుడు:

పద్యంలో ఏకవచనం తప్పు కాదమ్మా. సమస్యను నా మాటగానే ఉంచి, నన్నే నిలదీసే పూరణ ఇది. చివర ‘అని’ లేదని పట్టుకునేవాళ్ళు ఉంటారు. ‘ఎట్టు లందువు’ ముందే వచ్చింది గనుక నాలుగో పాదం ఉటంకింపే అని స్పష్టం.

ఇక మీ ప్రశ్న. మూడు రోజులుగా జవాబు వెతుకుతున్నాను. నేను భిలాయిలో కూర్చొని ఊరిని తలుచుకున్న ముప్పై ఒక్క ఏళ్లూ కాలువ పూడిక తీసింది ఎవరు? మా నాన్న పోయిన రాత్రి, నేను రైల్లో ఉండగా, ఆయన పక్కన కూర్చున్నది ఎవరు? మా ఎదురింటి అన్నయ్య, పొరుగింటి అమ్మ. నేను బెంగ పెట్టుకోవడానికి ఒక ఊరు మిగిలి ఉందంటే వాళ్ళు ఉండబట్టే. ఊరు వాళ్ళకు తెలుసు. ఊరికి నేను పడిన బాకీ మాత్రం దూరం వెళ్ళాకే నాకు తెలిసింది. నా పాదంలో ‘ఎఱుగు’ అన్నది అంతవరకే చెల్లుతుంది. ఆ అర్థంతో నా పూరణ:

చదువు చెప్పిన బడిగోడ, చల్ల పోసి
పెంచి యంపిన పొరుగమ్మ ప్రేమ యప్పు
దూర మేగిన పిమ్మటే తోచె నాకు
ఊరు విడిచినవాడె తా నూరి నెఱుగు

ఈ వారం ఉత్తమ పూరణ నల్లరేగడి గారిది. జాడీ ముడి విప్పిన అబ్బాయిది రెండోది.

నల్లరేగడి:

పొరుగమ్మ ఇంకా ఉన్నారా మాస్టారూ?

నిర్వాహకుడు:

ఉన్నారమ్మా. ఎనభై దాటాయి. ఈ పద్యం పొద్దున ఆవిడకే ముందు చదివాను. ‘చల్ల కాదురా, నీకు మీగడ వేసేదాన్ని’ అని దిద్దింది.

సంగమతీరం:

మాస్టారూ, మీగడకు కూడా గణం చూడండి. ఇక్కడ పైనుంచి నీళ్లు వదిలారు. నిన్న సాయంత్రానికి మా బండల మీదికి వచ్చేశాయి. నాన్న ఒడ్డున నిలబడి అవి మునిగేదాకా చూసి వచ్చాడు.