గేటు దగ్గర రోజూ జ్వరం చూస్తున్నాం, అయినా సైటులో అంటువ్యాధి ఆగడం లేదు: ఏం చేయాలి?

ప్రశ్న (సైటు భద్రతాధికారి)

నేను బహుళ అంతస్తుల భవనం కడుతున్న ఒక సైటులో భద్రతాధికారిగా పనిచేస్తున్నాను. సెంట్రింగు, రాడ్ బెండింగు, తాపీ, ప్లంబింగు, కరెంటు పనులవారు కలిపి సుమారు 240 మంది నలుగురు సబ్‌కాంట్రాక్టర్ల కింద పనిచేస్తున్నారు. వారిలో 150 మంది సైటు వెనుక ఉన్న రేకుల షెడ్లలోనే ఉంటారు, తక్కినవారు ఉదయం వ్యానులో వచ్చి సాయంత్రం వెళ్తారు. చుట్టుపక్కల దగ్గు, జ్వరాలు ఎక్కువయ్యాయని తెలిసిన మరునాడే గేటు దగ్గర నుదుటికి ఎదురుగా పెట్టి చూసే థర్మామీటరును, శానిటైజరు సీసాలను ఏర్పాటు చేశాం, అందరికీ మాస్కులు పంచాం, ప్రతి ఉదయం పని మొదలయ్యే ముందు పది నిమిషాలు జాగ్రత్తలు చెబుతున్నాం. అయినా 9 రోజుల్లో 14 మంది మంచం పట్టారు. నాకు అర్థం కానిదేమిటంటే, ఆ 9 రోజుల గేటు రిజిస్టరులో జ్వరం ఉన్నట్టు ఒక్క పేరు కూడా లేదు.

యాజమాన్యం ఇప్పుడు రెండు మార్గాలు ఆలోచిస్తోంది. షెడ్లలోని వారిని బయటికి పోనివ్వకుండా, బయటివారిని లోపలికి రానివ్వకుండా గేట్లు మూసి పని కొనసాగించడం మొదటిది. రెండు వారాలు పని పూర్తిగా ఆపివేయడం రెండవది. మొదటి మార్గంలో కార్మికులకు నిజంగా రక్షణ ఉంటుందా, లేక మూసివేత తప్పదా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు. చేతులు కడుక్కోవాలి, దూరం పాటించాలి అన్న మాటలు మాత్రం దయచేసి మళ్లీ చెప్పవద్దు, ఆ పోస్టర్లు మా గోడల నిండా ఉన్నాయి.

జవాబు 1 (వృత్తి ఆరోగ్య వైద్యుడు)

మీ రిజిస్టరు ఖాళీగా ఉండటంలో ఆశ్చర్యపడవలసినది లేదు. కోవిడ్, ఫ్లూ వంటి వ్యాధులు లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే ఇతరులకు అంటుకోగలవు, కొందరికి జ్వరమే రాదు. పారాసిటమాల్ మాత్ర వేసుకుని వచ్చినవారిని ఏ థర్మామీటరూ పట్టుకోలేదు. ఆ పరికరాన్ని తీసివేయమని నేను చెప్పడం లేదు, దాని మీద భరోసా పెట్టుకోవద్దని మాత్రమే చెబుతున్నాను.

మీరు ముందుగా తేల్చుకోవలసినది వ్యాధి ఏ దారిన వస్తున్నదన్నది. ఊపిరి దారినా, నీటి దారినా, దోమ దారినా, మట్టి దారినా అన్నది తెలియకుండా చేసే ఖర్చు చాలావరకు వృథా అవుతుంది. నిర్మాణరంగ చరిత్రలోనే దీనికి నిదర్శనాలు ఉన్నాయి. 1872 నుంచి 1882 వరకు ఆల్ప్స్ పర్వతాల కింద గొట్టార్డ్ రైలు సొరంగం తవ్వుతున్నప్పుడు కార్మికులు పాలిపోయి, నీరసించి, పనికి లేవలేని స్థితికి వచ్చారు. సొరంగంలోని చెడు గాలి, దుర్భరమైన పని మొదలైన కారణాలు చెప్పుకున్న తర్వాత, 1880లో ఇటలీకి చెందిన ఎడ్వర్దో పెరోంచితో ఆ రక్తహీనతకు మూలం పేగుల్లోని కొంకిపురుగు అని చూపించారు. సొరంగంలో మరుగుదొడ్లు లేవు, లోపల వెచ్చగా, తడిగా ఉంటుంది, మలంతో కలిసిన ఆ బురదలోనే అందరూ పనిచేసేవారు. అక్కడ కావలసినవి మరుగుదొడ్లు, చెప్పులు, పురుగును చంపే మందు.

పనామా కాలువ కథ ఇంకా చేదుగా ఉంటుంది. 1880ల్లో ఫ్రెంచి కంపెనీ తవ్వకం చేపట్టినప్పుడు ఎల్లో ఫీవరు, మలేరియాలకు వేలమంది బలయ్యారు. ఆసుపత్రిలో చీమలు ఎక్కకుండా మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవారు, ఆ గిన్నెల్లో దోమలు పెరిగేవి, రోగిని కాపాడవలసిన చోటే రోగం ఉత్పత్తి అయ్యేది. 1904లో అమెరికన్లు పని చేపట్టాక వైద్యుడు విలియం గోర్గస్ నిలవనీటిని, దోమలను లక్ష్యంగా చేసుకుని కొద్ది సంవత్సరాల్లోనే ఎల్లో ఫీవరును అక్కడినుంచి తరిమివేశారు.

ఇక గేట్లు మూయడం గురించి. 2020లో సింగపూర్‌లో, ప్రధానంగా నిర్మాణరంగంలో పనిచేసే వలస కార్మికుల డార్మిటరీలలో కోవిడ్ వ్యాపించినప్పుడు వాటిని మూసివేశారు. ఒక్కో గదిలో పన్నెండు మంది, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువమంది, ఒకే స్నానాల గది, ఒకే వంటగది వాడుకునే చోట తలుపు మూస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఆ ఏడాది డిసెంబరులో ప్రభుత్వం వెల్లడించిన లెక్క ప్రకారం డార్మిటరీలలోని సుమారు 3,23,000 మందిలో 47 శాతం మందికి అప్పటికే సోకింది. వారిలో ఎక్కువమంది యువకులు కావడం వల్ల మరణాలు చాలా తక్కువగా నమోదయ్యాయి, కానీ ఆ ఫలితాన్ని మూసివేత ఖాతాలో వేయకూడదు. మూసివేత ఊరిని షెడ్డునుంచి కాపాడవచ్చు, షెడ్డులో ఉన్నవాడిని పక్క మంచం మీది మనిషినుంచి కాపాడదు.

అందువల్ల ఈ రోజే ఒక పని చేయండి. జబ్బుపడిన 14 మంది పేర్లకు ఎదురుగా వారు పడుకునే షెడ్డు, పనిచేసే ముఠా, ప్రయాణించే వ్యాను, నీళ్లు తాగే డ్రమ్ము, మొదటి లక్షణం కనిపించిన తేదీ రాయండి. కొందరినైనా ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్ష చేయించి, స్థానిక ఆరోగ్యాధికారికి తెలియజేయండి.

జవాబు 2 (ప్రాజెక్టు ఇంజనీరు)

డాక్టరుగారి మాటతో ఏకీభవిస్తూ, సైటులో చేతికి అందే విషయాలు చెబుతాను. ఇవి రెండు ప్రాజెక్టులలో తప్పులు చేసి నేర్చుకున్నవి.

శ్వాస ద్వారా వచ్చేదైతే సైటు మొత్తాన్ని ఒకేలా చూడవద్దు. స్లాబు మీద గాలిలో రాడ్లు కడుతున్నవారికి ప్రమాదం తక్కువ. బేస్‌మెంటులో పంపుగదిలో పనిచేసేవారికి, హాయిస్టులో (మనుషులను పై అంతస్తులకు చేర్చే సైటు లిఫ్టులో) కిక్కిరిసి ఎక్కేవారికి, కిటికీలు బిగించిన గదుల్లో పుట్టీ, రంగులు వేసేవారికి, మధ్యాహ్నం ఒకే షెడ్డులో భోజనానికి కూర్చునేవారికి, వ్యానులో వచ్చేవారికి ప్రమాదం ఎక్కువ. మేము హాయిస్టులో మనుషుల సంఖ్యను సగానికి తగ్గించి, కింది ఆరు అంతస్తులవారిని మెట్లు ఎక్కమన్నాం. భోజన విరామాన్ని మూడు విడతలు చేశాం. బేస్‌మెంటులో ధూళి కోసం తెచ్చిన బ్లోయర్లను రోజంతా నడిపించాం. కార్బన్ డయాక్సైడు మీటరు ఒకటి కొన్నాం. ఆరుబయట ఆ వాయువు 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420 భాగాలు) దగ్గర ఉంటుంది కాబట్టి, లోపల 800 దాటిన చోట ఒకరు విడిచిన గాలినే మరొకరు పీలుస్తున్నారని అర్థం చేసుకుని అక్కడ తలుపులు తీశాం, లేదా మనుషులను తగ్గించాం. అన్నిటికంటే ఎక్కువ అంకె చూపినది, రాత్రి రెండు గంటలకు కొలిచినప్పుడు, పడుకునే షెడ్డు. పగలంతా మేము చేసిన ఏర్పాట్లన్నీ ఆ ఒక్క అంకె ముందు చిన్నబోయాయి. మరునాడే రేకుల గోడల పైభాగం ఎదురెదురుగా కోసి, దోమల జాలీ బిగించి గాలి ఆడేలా చేశాం, ప్రతి షెడ్డులో మంచాలను మూడో వంతు తగ్గించి, పూర్తయిన కింది అంతస్తులో కొందరికి పడకలు ఏర్పాటు చేశాం.

మాస్కుల విషయంలో ఒక మెలిక ఉంది. ధూళి పనులకు తెచ్చే మాస్కులలో కొన్నింటికి ముందు చిన్న వాల్వు ఉంటుంది. అది పీల్చే గాలిని వడపోస్తుంది గాని వదిలే గాలిని అలాగే బయటికి పంపుతుంది. జబ్బు ఉన్న మనిషి అది పెట్టుకుంటే పక్కవారికి పెద్దగా మేలు జరగదు. శానిటైజరు కూడా ఇలాంటిదే. సిమెంటు, మాలు అంటిన చేతులపై అది సరిగా పనిచేయదు. సిమెంటు క్షారానికి పగిలిన చర్మం మీద పడితే మంట పుడుతుంది, అందుకే మీ సీసాలు నిండుగా ఉండిపోతుంటాయి. ప్రతి రెండు అంతస్తులకు ఒక నీటి డ్రమ్ము, కుళాయి, సబ్బు పెట్టి చూడండి.

దోమల సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి, ఎందుకంటే ఒక జ్వరంతో తలమునకలై ఉన్నప్పుడే రెండవది వస్తుంది. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్డునుంచి రెక్కలు వచ్చేదాకా వెచ్చని వాతావరణంలో 7 నుంచి 10 రోజులు పడుతుంది. మనం స్లాబు మీద మడులు కట్టి క్యూరింగు కోసం, అంటే కాంక్రీటు తడిగా ఉండి గట్టిపడటానికి, నీళ్లు నిలిపేది కూడా దాదాపు అన్ని రోజులే, అంటే కాంక్రీటుతోపాటు దోమలనూ మనమే పక్వానికి తెస్తున్నాం. తడి గోనెసంచులు కప్పినా, క్యూరింగు కాంపౌండు పూసినా ఈ సమస్య ఉండదు. మడులు తప్పవనుకుంటే నాలుగో రోజున నీటిని చీపురుతో నెట్టివేసి, కాంక్రీటు ఆరకముందే వెంటనే కొత్తనీరు పెట్టండి. ఆ నీటిని కాలువలోకి గాక పొడినేల మీద వదలండి. లిఫ్టు గుంతలు, మూతలేని డ్రములు, టార్పాలిన్ మడతలు వారానికి ఒకసారి ఖాళీ చేస్తే చాలదు, డ్రమ్ము గోడలను రుద్ది కడగాలి, ఏడిస్ గుడ్లు పొడిగా ఉన్నా నెలల తరబడి బతికి ఉంటాయి.

తాగునీటి గురించి ఒక్క మాట. బ్లీచింగు వేసిన అరగంట తర్వాత లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దానిని ట్యాంకు దగ్గర కాదు, చివరి కుళాయి దగ్గర పరీక్షించండి. మూత తీసి ఎండలో ఉంచిన బ్లీచింగు పొడిలో సత్తువ ఉండదు.

జవాబు 3 (పూర్వం తాపీమేస్త్రీ, ఇప్పుడు కార్మిక సంఘంలో)

ఇద్దరూ చెప్పినవి నిజమే, కానీ రిజిస్టరు ఎందుకు ఖాళీగా ఉందన్న ప్రశ్నకు అసలు జవాబు ఇంకా రాలేదు. నేను 19 ఏళ్లు తాపీ పట్టాను, నాలుగైదుసార్లు జ్వరంతోనే గేటు దాటాను. గేటు దగ్గర వెనక్కి పంపితే ఆ రోజు మస్టరు (హాజరు) పడదు, మస్టరు పడకపోతే బట్వాడా రోజున చేతికి తక్కువ వస్తుంది. గుంపుమేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకున్నవాడికి ఆ లోటు అప్పుగా పెరుగుతుంది. అందుకే మాత్ర వేసుకుని, ముఖం కడుక్కుని, నీడలో కాసేపు నిలబడి వస్తాం. దీన్ని మోసం అనడానికి వీలులేదు, అది ఇంటికి డబ్బు పంపవలసినవాడి లెక్క.

జ్వరమని చెప్పినవాడికి ఆ రోజునుంచి కోలుకునేదాకా పూర్తి కూలి ఇస్తామని, పని పోదని, అడ్వాన్సు మీద ఒత్తిడి ఉండదని కాగితం మీద రాసి, వారు మాట్లాడే భాషలో చదివి వినిపించండి. మొదటి వారంలో రిజిస్టరు నిండిపోతుంది, దానిని చూసి భయపడవద్దు, దాగి ఉన్నది బయటపడుతున్నదని అర్థం. కొందరు అబద్ధపు జ్వరం చెబుతారని యాజమాన్యం అంటుంది. చెప్పేవారు ఒకరిద్దరు ఉండవచ్చు. వారికి ఇచ్చే కూలి, ఒక షెడ్డు మొత్తం పడుకుంటే ఆగిపోయే స్లాబు ఖర్చుతో పోల్చి చూడండి.

ఇంజనీరుగారితో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. పడకలు తగ్గించేటప్పుడు ఎవరిని ఎక్కడికి మార్చాలన్నది ఆఫీసులో కూర్చుని జాబితా వేయవద్దు. ఒకే ఊరివారు, అన్నదమ్ములు, భార్యాభర్తలు కలిసి ఉంటారు, కలిసి వండుకుంటారు, విడదీస్తే రాత్రికి మళ్లీ ఒకచోట చేరతారు. కలిసి తినేవారిని ఒకే బృందంగా ఉంచి, ఆ బృందాన్నే ఒకే పనిలో, ఒకే అంతస్తులో పెట్టండి. బృందాలను మాత్రం కలపవద్దు. స్త్రీల మరుగుదొడ్లు, పిల్లలు ఉండే చోటు గురించి ఎవరూ అడగరు, మీరు అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. డాక్టరుగారు చెప్పిన పట్టిక నిన్న రాత్రి వేశాను. 14 మందిలో 11 మంది రెండు షెడ్లవారే, మిగిలిన ముగ్గురూ ఒకే వ్యానులో వచ్చేవారు. స్లాబు మీద పనిచేసే ముఠాలో, వేరే షెడ్లలో ఉండేవారిలో ఒక్కరు కూడా లేరు. నేను 9 రోజులు గేటు దగ్గర నిలబడి కాపలా కాసింది తప్పు చోటని ఇప్పుడు తెలుస్తోంది. పరీక్షలకు నమూనాలు పంపాం. ఆ రెండు షెడ్లవారికి, ఆ వ్యానువారికి పని ఆపి, మిగతా పని కొనసాగించడానికి యాజమాన్యం ఒప్పుకుంది. కూలి విషయంలో మాత్రం సబ్‌కాంట్రాక్టర్లలో ఇద్దరు, తమ రేటులో ఈ ఖర్చు లేదని అడ్డం తిరిగారు. దీనికి ఏమి చేయవచ్చు? జబ్బుపడినవారిని తిరిగి ఎప్పుడు పనిలోకి తీసుకోవాలి?

జవాబు 4 (ప్రాజెక్టు ఇంజనీరు)

వారు చెప్పేది ఒక రకంగా న్యాయమే, రేటు ఖరారు చేసినప్పుడు ఎవరూ దీన్ని తలచుకోలేదు. మేము ప్రధాన కాంట్రాక్టరు ఖాతాలో విడిగా ఒక పద్దు తెరిచి, మస్టరులో జ్వరం అని నమోదైన రోజులకు కూలిని సబ్‌కాంట్రాక్టరు చేతికి ఇవ్వకుండా నేరుగా కార్మికుని ఖాతాలో వేశాం. దానివల్ల మధ్యలో కోతలు పడలేదు. యాజమాన్యాన్ని ఒప్పించడానికి ఒక ఆధారం ఉంది. సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022 జూన్‌లో మౌలిక హక్కుల జాబితాలో చేర్చింది, 2025 జూన్‌లో పని ప్రదేశాలలోని జీవసంబంధ ప్రమాదాలపై 192వ ఒప్పందాన్ని ఆమోదించింది. తరువాతి టెండరులో ఈ పద్దును మొదటే రాయించండి.

జవాబు 5 (వృత్తి ఆరోగ్య వైద్యుడు)

ఫ్లూ వంటిదైతే మందులు వేసుకోకుండానే 24 గంటలపాటు జ్వరం లేకుండా ఉండి, దగ్గు తగ్గుముఖం పట్టిన తర్వాత తీసుకోవచ్చు. ఆ తర్వాత కూడా కొద్దిరోజులు మాస్కుతో, ఆరుబయటి పనిలో ఉంచండి. పరీక్షలో వేరే వ్యాధి తేలితే గడువు మారుతుంది, కాబట్టి ఫలితం వచ్చాక ఇక్కడే రాయండి. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గనివారిని విడిగా క్షయ పరీక్షకు పంపండి. రాళ్లు కోసేవారిలో, కాంక్రీటు చిప్పింగు చేసేవారిలో సిలికా ధూళివల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని ఉంటే వారికి క్షయ ముప్పు ఎక్కువ, ఈ గందరగోళంలో దానిని కూడా ఫ్లూ దగ్గుగా వదిలేసే ప్రమాదం ఉంది. ఊపిరి ఆడకపోవడం, ఛాతీ నొప్పి, మాట తడబడటం కనిపిస్తే రాత్రివేళ అయినా ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి ఒక వాహనాన్ని, డ్రైవరును షెడ్ల దగ్గరే ఉంచండి, ఆ డ్రైవరు నంబరును ప్రతి షెడ్డు తలుపు మీద రాయించండి.