మగ తోడు లేకుండా పిల్లల్ని కనే రంపపు చేప ఎందుకు తగ్గిపోతోంది?

కోనసీమ పద్మ:
ఫ్లోరిడాలో కొన్ని రంపపు చేపలు మగచేపతో కలవకుండానే పిల్లల్ని కన్నాయని బైపీసీ చదివే మా అబ్బాయి చెప్పాడు. మా పంట కాలువలో గుర్రపుడెక్క కూడా అంతే, గింజతో పని లేకుండా పెరుగుతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తీయించినా, నీళ్లు వదిలిన కొన్ని వారాలకే మళ్లీ కమ్మేస్తుంది. పద్ధతి ఒకటే అయితే చేప ఎందుకు అంతరించిపోతోంది?

ఫోర్ట్ మైయర్స్ తెలుగు:
పద్మ గారూ, మీ అబ్బాయి చెప్పింది నిజమే. 2015లో వెలువడిన జన్యు పరిశోధన అది. ఇక్కడ ఫ్లోరిడాలో మా ఊరి పక్కన పారే కలూసహాచీ నదిలోనూ, దగ్గర్లోని పీస్ నదిలోనూ పరీక్షించిన చేపల్లో సుమారు మూడు శాతం తండ్రి లేకుండా పుట్టినవే. అయితే అది బలానికి గుర్తు కాదు. తోడు దొరకనంతగా చేపలు పలచబడినందువల్లే అలా జరిగి ఉండవచ్చని ఆ శాస్త్రవేత్తల అభిప్రాయం.

గుర్రపుడెక్క తల్లిమొక్క అడ్డంగా కాడ చాస్తుంది, దాని కొసన పిల్లమొక్క లేస్తుంది. అనుకూలమైన నీటిలో రెండు వారాల్లో రెట్టింపవుతుంది. పైగా దాని గింజలు అడుగు బురదలో ఏళ్ల తరబడి చావవు. రంపపు చేప ఈడుకు రావడానికే ఏడేళ్లో, అంతకు మించో పడుతుంది. ఆ తర్వాత కూడా రెండేళ్లకోసారి, పది పిల్లల లెక్కన. కడుపులో తల్లికి గాయం కాకుండా పిల్లల రంపాల (పళ్లున్న పొడవాటి ముక్కుల) మీద మెత్తటి తొడుగు ఉంటుంది! ఇంత జాగ్రత్తగా, ఇంత నెమ్మదిగా పెరిగే ప్రాణి వలల ముందు ఎలా నిలుస్తుంది?

ఫ్లోరిడాలో ఒకప్పుడు ఈ రెండూ విస్తారంగా ఉండేవి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క 1890ల్లో సెయింట్ జాన్స్ నదిని కప్పేసి పడవలను ఆపేసింది. 1899లో దాన్ని తొలగించే పని సైనిక ఇంజినీర్లకు అప్పగించారు. అదే కాలంలో ఫ్లోరిడా తూర్పు తీరాన ఉన్న ఇండియన్ రివర్ అనే ఉప్పునీటి సరస్సులో ఒక్క జాలరి వలలకే ఒక్క సీజనులో 300 రంపపు చేపలు పడ్డాయని రాసి ఉంది. ఇప్పుడు అమెరికాలో ఆ జాతికి ప్రధాన ఆశ్రయం నైరుతి ఫ్లోరిడా మడ అడవుల అంచులే.

మచిలీపట్నం కిరణ్:
రంపమే దానికి శాపం. తల తిప్పితే చాలు, పళ్లు వలలో చిక్కుతాయి. చాలామంది సొర అనుకుంటారు కానీ అది టేకు చేపల (ఇంగ్లీషులో రే) వర్గం, మొప్పల చీలికలు పొట్టవైపు ఉంటాయి.

కోనసీమ పద్మ:
మన తీరంలో వలకు పడితే ఏం చేయాలి?

ఫోర్ట్ మైయర్స్ తెలుగు:
2001 నుంచి రంపపు చేప మన వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో (అత్యధిక రక్షణ ఉన్న జాబితాలో) ఉంది, పట్టినా అమ్మినా నేరమే. బతికి ఉంటే నీటిలోనే ఉంచి, రంపానికి దూరంగా నిలబడి వల కోసి వదిలేయమనండి. రంపాన్ని మాత్రం విరగ్గొట్టొద్దు. అది మళ్లీ మొలవదు, అది లేకపోతే చేపకు వేటాడటం కష్టమవుతుంది.