క్యాంపస్‌లో మందు, గంజాయి రూల్స్ – చిన్న డౌట్

కొత్త స్టూడెంట్: అన్నలకి, అక్కలకి నమస్తే. ఆగస్టులో ఎంఎస్‌కి ఇల్లినాయ్ వస్తున్నా, క్యాంపస్ హౌసింగ్‌లోనే. ఆల్కహాల్, డ్రగ్స్ మీద ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేయమని యూనివర్సిటీ మెయిల్ పెట్టింది. నాకు అలవాటే లేదు. అయినా చేయాలా?

నేపర్‌విల్ అన్న: ముందు గంజాయి సంగతి విను తమ్ముడూ. 2020 జనవరి 1 నుంచి ఇక్కడ ఇల్లినాయ్‌లో 21 నిండినవాళ్ళకి లీగలే, షాపులో ఐడీ చూసి అమ్ముతారు. రూమ్మేట్లు కూడా అదే చెప్తారు. కానీ ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, నీ వీసా ఫెడరల్ వాళ్ళ చేతిలో ఉంది. క్యాంపస్‌లో అయితే ఏ వయసువాళ్ళకీ కుదరదు.

డాలస్ బాబాయ్: 30 గ్రాముల లోపు ఏం కాదండీ. ఊరికే పిల్లల్ని భయపెట్టకండి.

నేపర్‌విల్ అన్న: బాబాయ్ గారూ, ఆ మినహాయింపు డిపోర్టేషన్ వరకే, అదీ ఒక్కసారికే. ఇండియా వెళ్ళి వీసా స్టాంపింగ్‌కి నిలబడితే లెక్క వేరు.

అర్బానా అక్క: కోర్సు చేసెయ్ నాన్నా, లేకపోతే చాలాచోట్ల రిజిస్ట్రేషన్‌కి హోల్డ్ పెడతారు. మా సంగతి చెప్తా. అప్పట్లో క్యాంపస్ అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. పప్పులోకి పోపు పెడుతుంటే ఎండుమిరపకాయలు మాడి ఫైర్ అలారం మోగింది. ఫైర్ వాళ్ళ వెనకే హౌసింగ్ వాళ్ళూ వచ్చారు. టేబుల్ మీద బీర్లు, పక్కన మా ఫ్రెండ్ తమ్ముడు, వాడికింకా 20, మందుకీ 21 నిండాలి. గదిలో ఉన్న అందరి పేర్లూ రాసుకున్నారు, తాగని నాది కూడా. కిటికీలో ఖాళీ విస్కీ సీసాలో మనీప్లాంట్ పెట్టుకున్నా, దాన్నీ ఫొటో తీశారు! హియరింగ్‌లో నన్ను అడిగింది ఒక్కటే, "ఆ గదిలో ఉన్నావా, లేదా?" వార్నింగ్ లెటరు, దాంతోపాటు డబ్బు కట్టి ఇంకో క్లాసు. సీసా మాత్రం పారేయమన్నారు, తీగ ఎక్కడ పెట్టుకోవాలో చెప్పలేదు.

డాలస్ బాబాయ్: అమ్మానాన్నలకి ఫోన్ చేసి చెప్పి తీరాలని రూలుందమ్మా.

అర్బానా అక్క: లేదండీ. 21 నిండనివాళ్ళ విషయం ఇంట్లో చెప్పొచ్చని 1998లో చట్టం మార్చారు. చెప్పడం, మానడం యూనివర్సిటీ ఇష్టం. ఎంఎస్ పిల్లల్లో చాలామందికి ఆ గొడవే లేదు.

నేపర్‌విల్ అన్న: అన్నిటికన్నా పెద్ద దెబ్బ డీయూఐ, అంటే తాగి బండి నడపడం. రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం ఉన్నా, దాటినా కేసు. కోర్టు తేల్చేదాకా ఆగరు, అరెస్టయిన కబురు చేరితే చాలు, వీసా రద్దు చేస్తూ మెయిల్ రావచ్చు. ఉబర్‌కి 20 డాలర్లు పోతే పోనీ. ఎవరైనా తాగి పడిపోతే మాత్రం భయపడకుండా 911కి చెయ్యి.

డాలస్ బాబాయ్: సరే, మా టెక్సాస్ సంగతి నన్ను చెప్పనివ్వండి. ఇల్లినాయ్ షాపులో కొన్న గంజాయి గమ్మీలు బ్యాగులో వేసుకుని థాంక్స్‌గివింగ్‌కి మా ఊరు రాకండి. ఆకు కొంచెమైతే చిన్న కేసే, గమ్మీ అయితే ఎంత కొంచెమైనా ఫెలొనీ, అంటే పెద్ద నేరం.

నేపర్‌విల్ అన్న: ఇందాక ఏం కాదన్నారుగా బాబాయ్ గారూ?

డాలస్ బాబాయ్: అది ఆకు గురించి అన్నా!