వెన్నిచ్చినవాడు, విరిగినవాడు, పారిపోయినవాడు: శిక్ష ఎవరికి, ఎంత?

అనువాదకుడు:

అందరికీ నమస్కారం. ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. కాపలా చోటు వదిలి వెళ్ళిపోయిన సైనికులకు సైన్యం ఎలాంటి శిక్ష వేయాలన్నది విషయం. అందులో ‘డిజర్టర్’ అన్న మాట అడుగడుక్కీ తగులుతోంది. ‘పలాయితుడు’ అని రాసి చూశాను, పౌరాణిక నాటకంలా ఉంది. ‘పరారైనవాడు’ అంటే దొంగనోట్ల కేసులో ముద్దాయిలా ఉన్నాడు. చివరికి ‘వెన్నిచ్చినవాడు’ అని పెట్టి ఒక మిత్రుడికి చూపించాను. ఆయన మాట సంగతి వదిలేసి ఖడ్గతిక్కన భార్య చెప్పిన చాటుపద్యం ఎత్తుకున్నాడు.

పగఱకు వెన్నిచ్చినచో
నగరే నిను మగతనంపు నాయకులెందున్
ముగురాడువార మైతిమి
వగపేటికి జలకమాడ వచ్చినచోటన్

కథ మీకు తెలిసిందే. యుద్ధంలో ఓడి ఇంటికొచ్చిన తిక్కనకు భార్య స్నానానికి నీళ్ళు తోడి, మంచం అడ్డం నిలబెట్టి, పక్కన పసుపు ముద్ద పెట్టింది. ఇదేమిటని అడిగితే ఈ పద్యం చెప్పింది. శత్రువుకి వీపు చూపించి వచ్చావు, నిన్ను చూసి నాయకులు నవ్వరా? అత్తగారు, నేను, ఇప్పుడు నువ్వు, ఇంట్లో ముగ్గురం ఆడవాళ్ళమే కదా, స్నానం దగ్గర ఇంక బాధెందుకు అని. మా మిత్రుడి వాదన ఏమిటంటే, కట్టుకున్న ఇల్లాలే క్షమించనివాణ్ణి సైన్యం ఎందుకు క్షమించాలి, నిలబెట్టి కాల్చెయ్యాలి అని.

డిజర్టర్‌కి ‘వెన్నిచ్చినవాడు’ సరిపోతుందా? ఈ పద్యాన్ని శిక్ష గురించిన వాదనలో సాక్ష్యానికి పిలవొచ్చా? పెద్దలు చెప్పాలి.

ఇంకో సభ్యుడు:

వెన్నిచ్చు అంటే వెన్ను చూపు. పిరికితనం. ఇందులో చర్చకేముంది?

తెలుగు పంతులమ్మ:

ఉంది బాబూ. వెన్నివ్వాలంటే ఎదురుగా శత్రువు ఉండాలి. పద్యంలోనే ‘పగఱకు’ అని ఉంది చూడండి. సెలవు మీద ఇంటికెళ్ళి తిరిగి రానివాడు ఎవరికి వెన్నిచ్చినట్టు? బారక్‌లోంచి గోడ దూకి పోయినవాడు ఎవరికి ఇచ్చినట్టు? కాబట్టి డిజర్టర్లందరికీ ఆ మాట అతకదు.

అదే కథలో తల్లి చెప్పిన పద్యం కూడా ఉంది. మీ మిత్రుడు దాన్ని వదిలేశాడు. నాకు అదే ముఖ్యం.

అసదృశముగ నరివీరుల
మసిపుచ్చక విఱిగివచ్చు మగపందక్రియన్
గసవున్ మేయగ బోయిన
పసులున్ విఱిగినవి తిక్క! పాలున్ విఱిగెన్

కొడుక్కి విరిగిన పాలు వడ్డించింది. ఇదేమిటమ్మా అంటే, శత్రువుల్ని మట్టుపెట్టకుండా నువ్వు విరిగొచ్చినట్టే మేతకెళ్ళిన పశువులూ విరిగాయి, పాలూ విరిగాయి అంది. ఒక్క ‘విరుగు’తో మూడు దెబ్బలు. ఇప్పుడు ఆ క్రియను గమనించండి. విరుగు అకర్మకం. విరుచు సకర్మకం. సేన విరిగింది, మనసు విరిగింది, కర్ర విరిగింది అన్నప్పుడల్లా ఎవరు విరిచారు, దేనివల్ల విరిగింది అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. తల్లి జాలిపడిందని నేననడం లేదు, ఆవిడది నూటికి నూరుపాళ్ళూ ఎత్తిపొడుపే. కానీ నోట్లోంచి వచ్చిన మాట మాత్రం ‘పారిపోయి’ కాదు, ‘విరిగి’. శిక్ష వేసేవాళ్ళు ఈ రెండింటికీ తేడా చూడకపోతే ఎలా?

‘ముగురాడువార మైతిమి’ అన్న ఎత్తిపొడుపు ఆ రోజుల్లో చెల్లింది లెండి. ఇవాళ తుపాకీ పట్టుకుని సెంట్రీ డ్యూటీ చేస్తున్న ఆడవాళ్ళకి ఈ పద్యం వినిపిస్తే ఏమంటారో!

మాజీ హవల్దారు:

పద్యాలు బాగున్నాయి మేడమ్. యూనిట్‌లో మాత్రం మేము వాడే మాటలు ఏడబ్ల్యూఎల్, ఓఎస్ఎల్. మొదటిది సెలవు లేకుండా పోవడం, రెండోది సెలవు అయిపోయినా రాకపోవడం. హిందీలో ‘భగోడా’ అంటారు, అది పూర్తిగా పారిపోయినవాడికి. ఈ మూడింటినీ మీ వ్యాసంలో ఒకే మాటతో చుట్టేస్తే చదివినవాడు తప్పుగా అర్థం చేసుకుంటాడు.

మన ఆర్మీ చట్టం 1950 నాటిది. అందులో 39వ సెక్షన్ సెలవు లేకుండా పోవడం గురించి, అందులోనే సెలవు దాటడం కూడా వస్తుంది. గరిష్ఠంగా మూడేళ్ళ జైలు. 38వ సెక్షన్ డిజర్షన్. మామూలు రోజుల్లో అయితే ఏడేళ్ళ దాకా, యాక్టివ్ సర్వీసులో, అంటే శత్రువు మీద పోరుకు దిగిన దళంలో ఉండగా గానీ, దానికి వెళ్ళమని ఆర్డర్ వచ్చాక గానీ పారిపోతే మరణశిక్ష దాకా వెళ్ళొచ్చు. కాపలా చోటు వదలడం మళ్ళీ వేరే నేరం. పోరు జరుగుతున్నప్పుడు వదిలితే 34వ సెక్షన్, దానికీ మరణశిక్ష దాకా ఉంది. లేదంటే 36వ సెక్షన్, యాక్టివ్ సర్వీసులో పద్నాలుగేళ్ళు, మిగతా వేళల్లో ఏడేళ్ళు.

డిజర్షన్‌కీ మామూలు గైర్హాజరుకీ తేడా రోజుల లెక్కలో లేదు, ఉద్దేశంలో ఉంది. ఇక తిరిగి రాకూడదని గానీ, రాబోయే ప్రమాదకరమైన డ్యూటీ తప్పించుకోవాలని గానీ అనుకుని పోయినవాడు మొదటి రోజే డిజర్టర్. ఇంట్లో ఎవరికో బాగోక నెల దాటి ఉండిపోయి, తనంతట తనే వచ్చి రిపోర్ట్ చేసినవాడు కాకపోవచ్చు. జనం చెప్పుకునే ముప్పై రోజుల లెక్క 106వ సెక్షన్‌లోది. ముప్పై రోజులు కనిపించకపోతే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ పెడతారు. మనిషి ఎందుకు పోయాడన్నదే కాదు, వాడి పేరు మీద ఉన్న ఆయుధం, మందుగుండు, బట్టలు ఏం తక్కువయ్యాయో కూడా అక్కడ రాస్తారు. రైఫిల్ కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, భద్రంగా ఉండి, ట్రంకులో బట్టలు మడత పెట్టినవి పెట్టినట్టే ఉంటే ఒక కథ. రైఫిల్‌తో సహా మాయమైతే ఇంకో కథ. ఆ కాగితం చదివితే సగం కేసు అర్థమవుతుంది.

ఇంకొకటి. మామూలు నేరాలకు మూడేళ్ళు దాటితే కోర్ట్ మార్షల్, అంటే సైనిక కోర్టు విచారణ, పెట్టడానికి వీల్లేదు, డిజర్షన్‌కి ఆ గడువు వర్తించదు. అయితే అదే 122వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. యాక్టివ్ సర్వీసులో కాకుండా మామూలు రోజుల్లో పారిపోయినవాడు, ఆఫీసరు కానివాడు, ఆ తర్వాత మూడేళ్ళకు తగ్గకుండా మచ్చ లేకుండా సర్వీసు చేస్తే పాత డిజర్షన్‌కి విచారణ ఉండదు. అంటే పారిపోయినవాడు మళ్ళీ మంచి సిపాయి కాగలడని చట్టమే ఒప్పుకుంటోంది.

చరిత్ర చదివేవాడు:

హవల్దారుగారూ, చట్టంలో మెత్తదనం చూపించారు గానీ కాపలా వదిలినవాడి సంగతి అంత తేలిగ్గా తీసుకోకండి. రాత్రి సెంట్రీ ఉన్నాడన్న ధైర్యంతోనే మిగతావాళ్ళు బూట్లు విప్పి పడుకుంటారు. వాడు పోతే చచ్చేది వాడు కాదు, వీళ్ళు. రోమన్లు దీన్ని బాగా అర్థం చేసుకున్నారు. రాత్రి కాపలాలో తప్పు చేసినవాణ్ణి తోటి సైనికులే కర్రలతో, రాళ్ళతో కొట్టేవాళ్ళని గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్ రాశాడు. దళం మొత్తం పారిపోతే పదిమందికి ఒకణ్ణి చీటీ వేసి చంపించేవాళ్ళు. క్రూరమే, కాదనను. కానీ భయం లేకపోతే వాన కురిసే రాత్రి కందకంలో ఎవడు నిలబడతాడు?

అనువాదకుడు:

సెంట్రీ సంగతి మీరన్నది నిజం. దాన్ని నేను కొట్టెయ్యను. పోరు నడుస్తుండగా తోటివాళ్ళు నిద్రలో ఉన్నారని తెలిసి, కావాలని చోటు వదిలినవాడికి జైలు పడాలి, అదీ పెద్దదే పడాలి. మీతో పేచీ భయం దగ్గరే.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం భయాన్నే నమ్ముకుంది. డిజర్షన్, పిరికితనం లాంటి నేరాలకు కాల్చేసిన వాళ్ళలో 306 మందికి 2006లో బ్రిటన్ చట్టం చేసి క్షమాభిక్ష ఇచ్చింది. వాళ్ళలో హ్యారీ ఫార్ ఒకడు. షెల్ షాక్‌తో, అంటే ఫిరంగి గుళ్ళ మోత మధ్య మనసు దెబ్బతిని, 1915లో నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. చేతులు ఎంత వణికేవంటే, ఇంటికి ఉత్తరాలు నర్సు రాసిపెట్టాల్సి వచ్చింది. మళ్ళీ ముందువరసకు పంపారు. 1916 సెప్టెంబరులో ఇక నా వల్ల కాదన్నాడు. కోర్ట్ మార్షల్‌లో తన తరఫున వాదించేవాళ్ళు లేక తనే చెప్పుకున్నాడు. అక్టోబరులో కాల్చేశారు. భార్యకు రావాల్సిన పింఛను కూడా ఆపేశారు. పంతులమ్మగారి ‘విరుగు’ ఇతనికి సరిగ్గా సరిపోతుంది. ఇతన్ని ‘వెన్నిచ్చినవాడు’ అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

అదే యుద్ధంలో అదే వైపు పోరాడిన ఆస్ట్రేలియా సైనికుల మీదా మరణశిక్షలు పడ్డాయి. ఆ దేశ చట్టం అడ్డుపడడంతో ఒక్కటీ అమలు కాలేదు. వాళ్ళేం యుద్ధం మానేసి కూర్చోలేదు. అయితే సైనిక జైళ్ళలో వాళ్ళ నిష్పత్తి మాత్రం ఎక్కువే ఉండేది, అది మీ వాదనకు కలిసొస్తుంది, తీసుకోండి. బ్రిటన్ 1930లో డిజర్షన్‌కి మరణశిక్ష ఎత్తేసింది. 1942లో ఉత్తర ఆఫ్రికాలో ఉన్న జనరల్ ఆకిన్‌లెక్ దాన్ని మళ్ళీ తెమ్మని అడిగితే ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ యుద్ధమూ అలాగే నడిచింది, గెలిచారు కూడా. అమెరికావాళ్ళు రెండో ప్రపంచ యుద్ధంలో డిజర్షన్‌కి 49 మరణశిక్షలు వేసి, 1945 జనవరి 31న ఎడ్డీ స్లోవిక్ అనే ఒక్కణ్ణే కాల్చారు. మిగతా 48 మందిని వదిలి ఇతన్నే ఎందుకు కాల్చారంటే, జవాబు క్రమశిక్షణలో కన్నా అతని తలరాతలోనే ఎక్కువ కనిపిస్తుంది.

చరిత్ర చదివేవాడు:

మరణశిక్ష వద్దంటే సరే, పట్టుబట్టను. మరి పారిపోయినవాణ్ణి ఏం చెయ్యాలి? మీ పద్యాల్లో దానికి జవాబు ఉందా?

తెలుగు పంతులమ్మ:

పద్యంలో కాకపోతే కథలో ఉంది. ఉత్తరకుమారుణ్ణి మర్చిపోయారా? ప్రగల్భాల దాకానే చదివి ఆపేస్తాం మనం. కౌరవసేన కంటబడగానే రథం దూకి పరుగెత్తాడు. బృహన్నల వెంటపడి నూరడుగుల్లో జుట్టు పట్టుకున్నాడు. ‘నూరు బంగారు నిష్కాలిస్తాను, ఎనిమిది వైడూర్యాలిస్తాను, వదిలెయ్’ అని బేరం పెట్టాడు కుర్రాడు. అర్జునుడు తిట్టలేదు, కొట్టలేదు. నువ్వు పగ్గాలు పట్టు, యుద్ధం నేను చేస్తానన్నాడు. చేతనైన పనిలో పెట్టాడన్నమాట. గెలిచాక, తనే గెలిచానని చెప్పుకోమన్నా, తండ్రి ముందు సభలో ఉత్తరుడు ఏమన్నాడు? భయపడి పారిపోతున్న నన్ను ఒక దేవపుత్రుడు ఆపాడు అన్నాడు. పారిపోయానని నిండు సభలో ఒప్పుకున్నవాడు పిరికివాడా?

మాజీ హవల్దారు:

మేడమ్, ఉత్తరుడు రాజుగారబ్బాయి. మా సిపాయి జుట్టు పట్టుకుంటే సారథి పోస్టు దొరకదు, క్వార్టర్ గార్డ్, అంటే యూనిట్ లాకప్, దొరుకుతుంది.

తెలుగు పంతులమ్మ:

ఒప్పుకున్నాను హవల్దారుగారూ! కానీ మీరు చెప్పిన ఆ మూడేళ్ళ మచ్చలేని సర్వీసు కూడా పగ్గాల లాంటిదే కదా.

అనువాదకుడు:

రాజులు, సిపాయిల తేడా వద్దనుకుంటే కౌటిల్యుడు ఉన్నాడు. మెత్తనివాడని ఆయన్ని ఎవరూ అనరు. అర్థశాస్త్రం ఏడో అధికరణంలో ‘గతాగతుడు’ అన్న మాట వాడాడు. వదిలి పోయి, మళ్ళీ వచ్చినవాడు. వాళ్ళు నాలుగు రకాలన్నాడు. కారణం ఉండి పోయి కారణం ఉండి వచ్చినవాడు, ఏ కారణం లేకుండా పోయి ఏ కారణం లేకుండా వచ్చినవాడు, కారణంతో పోయి ఊరికే వచ్చినవాడు, ఊరికే పోయి కారణంతో వచ్చినవాడు. యజమాని దోషం వల్ల పోయి, అతని గుణం చూసి వచ్చినవాణ్ణి చేర్చుకోమన్నాడు. తన దోషం వల్లే పోయి, వచ్చినవాడు చలబుద్ధి, అంటే నిలకడ లేనివాడు, వద్దన్నాడు. పోవడానికి యజమాని దోషం కూడా ఒక కారణం కావచ్చని శిక్ష వేసే రాజుకే చెప్పడం నాకు నచ్చింది. నెలల తరబడి సెలవివ్వని ఆఫీసరు, జబ్బుపడినవాణ్ణి మళ్ళీ కందకానికి పంపిన డాక్టరు కూడా ఆ ఎంక్వైరీ కాగితంలోకి రావాలి కదా.

మాజీ హవల్దారు:

ఇది మాత్రం రాసుకుంటున్నాను.

అనువాదకుడు:

అయితే వ్యాసంలో ఇలా పెడుతున్నాను. సెలవు లేకుండా పోయినవాడికి ‘గైర్హాజరైనవాడు’, తిరిగి రాకూడదని పోయినవాడికి ‘పారిపోయినవాడు’, పోరులో చోటు వదిలినవాడికి ‘కాపలా వదిలినవాడు’, షెల్ షాక్ భాగంలో ‘విరిగిపోయినవాడు’. ‘వెన్నిచ్చినవాడు’ ఎక్కడా లేదు. చాటుపద్యం కూడా తీసేశాను, మా మిత్రుడు నొచ్చుకున్నా సరే. ఒక్క సందేహం మిగిలింది. ‘సెంట్రీ’కి ఏం పెట్టను? ‘కావలివాడు’ అంటే తోటకి కాపలా కాసేవాడిలా ఉంది.

మాజీ హవల్దారు:

సెంట్రీని సెంట్రీగానే ఉంచండి అన్నా. దాన్ని కూడా మార్చేస్తే మావాళ్ళెవరూ చదవరు.